అమ్మ ఎనిమిదేళ్లుగా ఎముకల బిళ్ల వేసుకుంటోంది. ఆపాలా, కొనసాగించాలా?

బెజవాడ_అమ్మాయి
అమ్మకి 71. ఎనిమిదేళ్ల క్రితం మణికట్టు విరిగినప్పుడు ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీశారు. నడుము దగ్గర టీ స్కోరు (వయసులో ఉన్నవాళ్ల ఎముకతో పోల్చే లెక్క, మైనస్ పెరిగేకొద్దీ ఎముక బలహీనం) మైనస్ 3.1 వచ్చింది. ఎముకలు గుల్లబారాయని వారానికోసారి అలెండ్రోనేట్ 70 మి.గ్రా. బిళ్ల, రోజూ కాల్షియం రాశారు. ఆ డాక్టరుగారు రిటైరైపోయారు. చీటీ మాత్రం అలాగే ఉంది, మెడికల్ షాపులో చూపిస్తే ఇస్తూనే ఉన్నారు. ఎన్నేళ్లు వాడాలో అప్పుడూ ఎవరూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పడం లేదు.

ఈ మధ్య కింది దవడలో ఒక పన్ను పీకాలన్నారు. పళ్ల డాక్టరేమో "ముందు ఆ బిళ్ల ఆపి మూడు నెలలయ్యాక రండి" అంటున్నారు. ఎముకల డాక్టరు దగ్గరికెళ్తే "పన్ను కోసం మందు ఆపుతారా, రేపు తుంటి విరిగితే నన్నడగొద్దు" అని రెండు నిమిషాల్లో పంపేశారు. ఇద్దరి మధ్యా అమ్మ నలిగిపోతోంది. మీ ఇళ్లలో ఇంతకాలం ఈ మందు వాడినవాళ్లున్నారా? ఎప్పుడు ఆపారు? ఏం ఇబ్బందులొచ్చాయి?

గోదారి_గట్టు
మా అత్తయ్య ఆరేళ్లు వాడింది. తర్వాత డాక్టరే ఆపమన్నారు. ఆపి రెండేళ్లు దాటింది, బాగానే ఉంది. మీ అమ్మగారికి ఈ మధ్యలో మళ్లీ స్కాన్ తీయించారా?

బెజవాడ_అమ్మాయి
ఒక్కసారి, నాలుగేళ్ల క్రితం. మైనస్ 2.6కి వచ్చింది. బాగుంది, వాడుతూ ఉండండి అన్నారు.

ప్రకృతి_బాట
ఆ బిళ్లలు ఈ రోజే ఆపేయండి. మా అమ్మమ్మ తొంభై ఏళ్లు బతికింది, ఒక్క కాల్షియం బిళ్ల ఎరగదు. రాగులు, నువ్వులు, మునగాకు, పొద్దుటి ఎండ. ఎముకకి ఇంతకు మించి ఏం కావాలి? ఈ మందుతో దవడ ఎముక చచ్చుబడుతుందని నెట్‌లో ఎక్కడ చూసినా ఉంది.

కడప_కోడలు
@ప్రకృతి_బాట గారూ, రాగి సంకటి సంగతి కడపవాళ్లకి చెప్పక్కర్లేదు. మా అత్తమ్మ బుద్ధెరిగినప్పటి నుంచీ అదే తింది. అయినా ఎముకలు గుల్లబారాయి. బిళ్ల వేసుకుంటే గుండెల్లో మంటగా ఉందని, పైగా వాట్సాప్‌లో ఎవరో పంపిన వీడియో చూసి ఏడాదికే ఆపేసింది. తర్వాత బాత్‌రూంలో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ ఆమె మునుపటి మనిషి కాలేదు. వాకర్ లేకుండా వాకిలి దాటదు. ఊరంతా తిరిగి అందరి మంచీచెడూ కనుక్కునే మనిషి, ఇప్పుడు ఎవరొస్తారా అని కిటికీ దగ్గర కూర్చుంటుంది. మీరు ఆపమని రాసే ముందు అది చదివి ఆపేవాళ్లు ఉంటారని కాస్త గుర్తు పెట్టుకోండి.

పాత_ఫార్మసిస్ట్
నేను డాక్టర్ని కాదు. మందుల కౌంటర్ వెనక జీవితమంతా నిలబడ్డవాణ్ని. ఈ మందు గురించి జనానికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

ఎముక ఒకసారి తయారై అలా ఉండిపోయేది కాదు. పాతదాన్ని కరిగించే కణాలు, కొత్తది కట్టే కణాలు బతికున్నన్నాళ్లూ పని చేస్తూనే ఉంటాయి. ఆడవాళ్లకి ముట్లు ఆగాక కరిగించే కణాలది పైచేయి అవుతుంది. అలెండ్రోనేట్, రైసెడ్రోనేట్, ఐబాండ్రోనేట్, ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ అన్నీ ఒకే కుటుంబం. ఆ కరిగించే కణాలను అణుస్తాయి. ఎముక నష్టం ఆగుతుంది, విరగడం తగ్గుతుంది. అందులో సందేహం లేదు.

తమాషా ఏమిటంటే, మింగిన బిళ్లలో వందో వంతు కూడా ఒంటికి పట్టదు. కానీ పట్టిన ఆ కాస్తా ఎముకలో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. కాబట్టి రెండు విషయాలు. ఒకటి, ఐదేళ్లు వాడి ఆపినా రక్షణ మర్నాడే పోదు. రెండు, పన్ను కోసం మూడు నెలలు ఆపినంత మాత్రాన దవడలో ఉన్న మందు ఖాళీ అయిపోదు.

ఎన్నేళ్లు వాడాలన్నదానికి అమెరికాలో పెద్ద పరీక్షే జరిగింది, ఫలితాలు 2006లో వచ్చాయి. ఐదేళ్లు అలెండ్రోనేట్ వాడినవాళ్లలో కొందరికి ఇంకో ఐదేళ్లు అదే ఇచ్చారు, కొందరికి ఉత్తుత్తి బిళ్ల ఇచ్చారు. చేతులు, తుంటి లాంటి చోట్ల విరగడంలో రెండు గుంపులకీ తేడా లేదు. నొప్పితో బయటపడేలా వెన్నుపూసలు విరగడం మాత్రం ఆపినవాళ్లలో 5.3 శాతం, కొనసాగించినవాళ్లలో 2.4 శాతం. అందుకే ఐదేళ్లకి ఒకసారి ఆగి, మనిషిని బట్టి లెక్క వేసుకోవాలంటారు. ముప్పు తక్కువైతే కొన్నేళ్లు విరామం. ఎక్కువైతే పదేళ్ల దాకా కొనసాగింపు, లేదా వేరే రకం మందు. జోలెడ్రోనిక్ అయితే మూడేళ్లకే ఈ లెక్క చూస్తారు.

మీ అమ్మగారి విషయంలో ఐదో ఏట జరగాల్సిన ఆ సమీక్ష జరగలేదు. పాత చీటీ మీద ఏళ్లకేళ్లు మందు ఇచ్చుకుంటూ పోవడం తప్పని మా షాపులో కుర్రాళ్లకి ఎన్నిసార్లు చెప్పానో.

గోదారి_గట్టు
ఇంత వివరంగా మా డాక్టరు కూడా చెప్పలేదండీ. మా అత్తయ్యకి చదివి వినిపిస్తా.

ఫిజియో_హైదరాబాద్
@బెజవాడ_అమ్మాయి ఒక్క ప్రశ్న, దయచేసి వెంటనే జవాబివ్వండి. అమ్మగారికి తొడలో గానీ గజ్జల్లో గానీ నొప్పి ఉందా? నడిచినప్పుడు ఎక్కువై కూర్చుంటే తగ్గుతుందా?

బెజవాడ_అమ్మాయి
ఉంది. కుడి తొడ మధ్యలో, బయటివైపు. రెండు నెలలుగా. సయాటికా (నడుము నుంచి కాల్లోకి పాకే నరం నొప్పి) అనుకుని బామ్ రాస్తున్నాం. మెట్లెక్కేటప్పుడు "అబ్బా" అంటుంది. దీనికీ బిళ్లకీ ఏం సంబంధం?

ఫిజియో_హైదరాబాద్
సంబంధం ఉండొచ్చు. రేపే ఎక్స్‌రే తీయించండి. నడుముది కాదు. రెండు తొడ ఎముకలూ తుంటి నుంచి మోకాలి దాకా పూర్తిగా కనపడేలా తీయమని గట్టిగా చెప్పండి.

ఈ మందు చాలా ఏళ్లు వాడిన కొద్దిమందిలో పాత ఎముక కరగడం మరీ తగ్గిపోయి, రోజువారీ నడకకి వచ్చే వెంట్రుకవాసి పగుళ్లు మానవు. తొడ ఎముక బయటి అంచున చిన్న బొడిపెలా మందం కడుతుంది, దాని మీద సన్నటి అడ్డగీత పడుతుంది. కొన్నాళ్లకి, కిందపడకుండానే, నిలబడి పక్కకి తిరిగితే చాలు, ఎముక అడ్డంగా విరుగుతుంది. చాలామందికి విరగడానికి ముందు వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ఇలాంటి నొప్పే ఉంటుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010 అక్టోబర్‌లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది.

మా దగ్గరికి ఇలాంటి ఒకావిడ సయాటికా వ్యాయామాల కోసం వచ్చారు. నడుము వంచితే నొప్పి లేదు, కాలు చాచి పైకెత్తితే నొప్పి లేదు, ఒంటికాలి మీద నిలబడమంటే మాత్రం ముఖం మారిపోయింది. వ్యాయామం మానేసి ఎక్స్‌రేకి పంపాం. గీత కనపడింది. విరగకముందే ఎముక లోపల రాడ్ వేశారు.

ఎక్స్‌రే చూసేదాకా అమ్మగారిని మెట్లెక్కనివ్వకండి. ఆ కాలి మీద బరువు తగ్గించి, వాకర్ పట్టుకుని నడవమనండి. ఈ వారం బిళ్ల వేసే ముందు డాక్టర్‌తో మాట్లాడండి.

కడప_కోడలు
ఇది నాకు కొత్త విషయం. విరక్కుండా వేసుకునే మందు వల్లే విరగడమా! మరి మా అత్తమ్మకి ఇప్పుడు ఏడాదికోసారి ఎక్కిస్తున్నారే, భయమేస్తోంది.

డల్లాస్_బాబాయ్
@కడప_కోడలు అమ్మా, భయపడి ఆపకు. లెక్క చూడు. కాలిఫోర్నియాలో దాదాపు రెండు లక్షల మంది ఆడవాళ్ల రికార్డులు చూసి 2020లో ఒక పరిశోధన వేశారు. పదివేల మంది తెల్లజాతి ఆడవాళ్లు మూడేళ్లు ఈ మందు వాడితే 149 తుంటి ఫ్రాక్చర్లు తప్పుతాయి, ఇలాంటి తొడ ఫ్రాక్చర్లు 2 వస్తాయి. ఆసియా ఆడవాళ్లలో 91 తప్పుతాయి, 8 వస్తాయి. మనవైపు వాళ్లలో ముప్పు ఎక్కువే, కానీ మేలు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. వాడకం ఐదేళ్లు, ఎనిమిదేళ్లు అయ్యేకొద్దీ ఆ ముప్పు బాగా పెరుగుతుంది. మందు ఆపితే త్వరగానే తగ్గుతుంది. ఐదేళ్లకి సమీక్ష అని ఫార్మసిస్ట్ గారు చెప్పింది అందుకే.

నేను చెప్పాల్సింది ఇంకో మందు గురించి. ఆరు నెలలకోసారి చర్మం కింద ఇచ్చే డెనోసుమాబ్ 60 మి.గ్రా. ఇంజెక్షన్. మా వదినకి ఇండియాలో ఒక హాస్పిటల్లో మొదలుపెట్టారు. ఆవిడ ఇక్కడికి కూతురి పురిటికి వచ్చారు. ఆరు నెలలుండే ప్రయాణం కదా, వెళ్లాక వేయించుకుందాంలే అనుకున్నారు. తేదీ దాటకూడదని ఆ హాస్పిటల్లో ఒక్కరూ చెప్పలేదు. ఆవిడ తిరిగెళ్లి, ఇల్లు సర్దుకుని, వేయించుకోవాలనుకునేలోపు తొమ్మిది నెలలు దాటింది. ఒకరోజు బియ్యం డబ్బా జరపబోతే వెన్నులో కలుక్కుమంది. మూడు వెన్నుపూసలు కుంగాయి.

ఈ మందు అలెండ్రోనేట్‌లా ఎముకలో నిలవ ఉండదు. దాని ప్రభావం దిగగానే అణిచిపెట్టిన కణాలన్నీ ఒక్కసారిగా లేస్తాయి. ఏళ్ల తరబడి సంపాదించిన గట్టిదనం నెలల్లో పోతుంది. వెన్నుపూసలు వరసగా విరగొచ్చు. అందుకే దీనికి విరామాలుండవు. ఎప్పుడైనా ఆపాల్సి వస్తే వెనకాలే అలెండ్రోనేటో జోలెడ్రోనిక్కో ఇచ్చి ఆపాలి. పిల్లల దగ్గరికి విమానమెక్కే పెద్దవాళ్లందరికీ చెప్పండి, వీసా తేదీతో పాటు ఇంజెక్షన్ తేదీ కూడా చూసుకుని టికెట్ కొనమని.

బెజవాడ_అమ్మాయి
బాబాయ్ గారూ, మా పిన్ని వాడేది ఇదే అనుకుంటా. జూన్‌లో అట్లాంటా వెళ్తోంది. ఇప్పుడే ఫోన్ చేస్తా.

ఉద్దానం_కుర్రోడు
మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర. ఒక్క మాట. ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్‌కి ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించకుండా ఒప్పుకోకండి. మావైపు కిడ్నీ జబ్బు సంగతి తెలిసిందే కదా, పైకి ఏమీ కనపడదు, పొలం పని చేస్తూనే ఉంటారు, పరీక్ష చేస్తే సగం పోయుంటాయి. మా నాన్నకి వెన్ను విరిగితే బయటి ఊళ్లో ఎక్కించేద్దామన్నారు. ముందు రక్తపరీక్ష చేయమని పట్టుబట్టాం. కిడ్నీ పనితనం (నిమిషానికి ఎన్ని మి.లీ. వడపోస్తుందన్న లెక్క) 30 దగ్గర ఉంది. 35 కంటే తక్కువుంటే ఆ మందు ఎక్కించకూడదట.

డెనోసుమాబ్ కిడ్నీ ద్వారా పోదు కాబట్టి పర్లేదంటారు కానీ, డయాలసిస్ వాళ్లలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోతుందని 2024 జనవరిలో ఎఫ్‌డీఏ దాని మీద తన అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టింది. ఇంకోటి, ఎముకలు గుల్లబారడం ఆడవాళ్లకే అనుకోకండి. మా నాన్న మగాడే కదా.

నల్గొండ_బిడ్డ
మా దిక్కు ఇంకో తిరకాసు ఉన్నది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినోళ్లకి స్కాన్‌లో సాంద్రత ఎక్కువ వస్తది. రిపోర్ట్ చూసి ఎముకలు ఉక్కులెక్క ఉన్నయంటరు. కానీ ఆ ఎముక గట్టిది కాదు, పెళుసుది. మా పెద్దమ్మది మర్రిగూడ వైపు. మెడ తిరగదు, నడుము వంగిపోయింది, స్కాన్ మాత్రం నార్మల్. కృష్ణా నీళ్లు రాకముందు బోరునీళ్ల మీద బతికిన పెద్దోళ్లుంటే ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పున్రి. ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి, పొదిలి వైపు వాళ్లకీ ఇదే మాట. స్కాన్ నంబర్ ఒక్కటి చూసి మందు రాయొద్దు, మానొద్దు.

ప్రకృతి_బాట
ఇవన్నీ వింటుంటే నా మాటే నిజమనిపిస్తోంది. ఒక్కో మందుకి ఒక్కో ప్రమాదం.

పాత_ఫార్మసిస్ట్
మీ రాగులతో నాకు తగువు లేదండీ. వంద గ్రాముల రాగుల్లో 350 మి.గ్రా.కి అటూ ఇటూగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో దాని ముందు ఏమీ లేనట్టే. ముట్లు ఆగినవాళ్లకి రోజుకి 1200 మి.గ్రా. కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చెబుతోంది. తిండీ, ఎండా, నడకా ఉండాల్సిందే. కానీ టీ స్కోరు మైనస్ 3 ఉండి ఒకసారి విరిగిన మనిషికి అవి మాత్రమే చాలవు. కాల్షియం, విటమిన్ డి తక్కువుంటే ఈ మందులు పనిచేయకపోగా రక్తంలో కాల్షియం పడిపోయి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, కండరాలు పట్టేస్తాయి. రెండూ కావాలి.

విటమిన్ డి 60,000 యూనిట్ల సాచెట్‌ని కూడా కొందరు వారంవారం ఏళ్ల తరబడి పాలల్లో కలుపుకుని తాగేస్తుంటారు. అది కొన్ని వారాల కోర్సు. ఎక్కువైతే అదీ విషమే.

కాఫీ_ముఖ్యం
నాకొక చిన్న సందేహం. నేను అయిదు నెలలుగా ఇదే బిళ్ల వాడుతున్నా. ఆదివారం పొద్దున్నే పరగడుపున బిళ్ల, థైరాయిడ్ బిళ్ల కూడా పరగడుపునే. ఏది ముందు? అరగంట కాఫీ లేకుండా ఉండటం నాకు ఏకాదశి ఉపవాసం కంటే కష్టం. మా ఆయన గడియారం ముందు కూర్చుని "ఇంకా పదకొండు నిమిషాలు" అని ప్రకటిస్తుంటారు.

పాత_ఫార్మసిస్ట్
మీ ఆయన్ని అలాగే కూర్చోబెట్టండి, మంచి పని చేస్తున్నారు! కాఫీతో మింగితే పట్టే ఆ కాస్త మందులో కూడా సగానికి పైగా పోతుంది. ఒక పెద్ద గ్లాసు మామూలు నీళ్లతో మింగి, కనీసం అరగంట నిటారుగా ఉండాలి. కూర్చోవచ్చు, నిలబడొచ్చు, దేవుడి దగ్గర దీపం పెట్టుకోవచ్చు. పడుకోకూడదు. వంగి ముగ్గు వేయడం కూడా తర్వాతే. బిళ్ల గొంతులో, అన్నవాహికలో ఆగితే పుండు పడుతుంది. కడప_కోడలు గారి అత్తమ్మకి వచ్చిన మంట అలాంటిదే అయ్యుండొచ్చు. థైరాయిడ్ బిళ్ల దీనితో కలిపి వేయొద్దు. చాలామంది డాక్టర్లు ఎముకల బిళ్ల ముందు, అరగంటయ్యాక థైరాయిడ్ బిళ్ల అంటారు, మీ డాక్టర్ని అడిగి ఖాయం చేసుకోండి. కాల్షియం మాత్రం మధ్యాహ్నం భోజనంతో.

కడప_కోడలు
మా అత్తమ్మ బిళ్ల మింగి మళ్లీ నడుం వాల్చేది. ఎవరూ చెప్పలా. అన్నట్టు, మొదటిసారి సెలైన్ ఎక్కించిన రాత్రి చలిజ్వరం, ఒళ్లంతా కొట్టినట్టు నొప్పులు. డెంగీ అనుకుని పరుగెత్తాం.

ఫిజియో_హైదరాబాద్
జోలెడ్రోనిక్ మొదటిసారి ఎక్కించినప్పుడు ముగ్గురిలో ఒకరికి అలా వస్తుంది. రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది, పారాసెటమాల్ చాలు. రెండో ఏడాది అంత ఉండదు. కన్ను ఎర్రబడి నొప్పి పుడితే మాత్రం ఆగకుండా చూపించండి.

పళ్ల_డాక్టర్_గుంటూరు
ఆలస్యంగా చూశాను. దవడ గురించి రాస్తున్నా.

పన్ను పీకాక చిగురు మూసుకోకుండా ఎముక బయటికి కనపడుతూ ఎనిమిది వారాలు దాటినా మానకపోతే దాన్ని దవడ ఎముక చచ్చుబడటం అంటాం. 2003లో మొదట బయటపడ్డ కేసుల్లో ఎక్కువమంది కేన్సర్ రోగులు. వాళ్లకి జోలెడ్రోనిక్ 4 మి.గ్రా. మూడు నాలుగు వారాలకోసారి ఎక్కిస్తారు. ఎముకలు గుల్లబారినవాళ్లకి అదే మందు 5 మి.గ్రా., ఏడాదికోసారి. రెండిటికీ పోలికే లేదు. ఈ మోతాదులో ఏడాదికి పదివేల మందిలో ఒకరికి, లేదా ఇంకా తక్కువమందికి వస్తుంది. నాలుగేళ్లు దాటిన వాడకం, స్టెరాయిడ్లు, అదుపులో లేని షుగర్, పొగాకు, సరిగా కూర్చోని కట్టుడు పళ్లు ఆ ముప్పు పెంచుతాయి.

చీముపట్టిన పన్నుని భయంతో అలాగే వదిలేయడం అంతకంటే ప్రమాదం. కుదిరితే రూట్ కెనాల్‌తో కాపాడతాం. పీకక తప్పకపోతే ముందు నోరు శుభ్రం చేసి, క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలింపచేసి, అవసరమైతే యాంటీబయాటిక్ ఇచ్చి, ఎముకని తక్కువ కదిలించి పీకి, చిగురు కుట్టి, మానేదాకా పిలిచి చూస్తాం. అసలు ఈ మందులు మొదలుపెట్టే ముందే పళ్లన్నీ చూపించుకుంటే ఈ గొడవే ఉండదు. డెనోసుమాబ్ వాళ్లు మాత్రం పన్ను కోసం ఇంజెక్షన్ తేదీ దాటించొద్దు, బాబాయ్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

బెజవాడ_అమ్మాయి గారూ, మీ ఇద్దరు డాక్టర్లూ ఒకరితో ఒకరు ఫోన్లో మాట్లాడుకుంటే సరిపోయేదానికి మీ అమ్మగారిని అటూ ఇటూ తిప్పారు. నాకు కోపమొచ్చేది అక్కడే.

బెజవాడ_అమ్మాయి
అందరికీ చెప్పాలి. ఎక్స్‌రే తీయించాం. మొదట టెక్నీషియన్ తుంటి వరకే తీస్తానన్నాడు. ఫిజియో గారి మాట చూపించి రెండు తొడలూ పూర్తిగా తీయించాను. కుడి తొడ ఎముక బయటి అంచున మందం కట్టింది, దాని మీద సన్నగీత ఉంది. ఎడమవైపు కొద్దిగా మందం ఉంది, గీత లేదు. వేరే ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆయన ఫిల్మ్ వెలుగులో పెట్టి, నా వేలు పట్టుకుని మరీ ఆ చోటు చూపించారు. "నడుచుకుంటూ రావడం మీ అదృష్టం" అన్నారు. అలెండ్రోనేట్ ఆపేశారు. ఎంఆర్ఐ రాశారు. నొప్పీ గీతా రెండూ ఉన్నాయి కాబట్టి కుడికాలికి ముందుగానే రాడ్ వేయడం మేలన్నారు. అమ్మ వాకర్ మీద ఉంది, మెట్లు బంద్.

పన్నుకి రూట్ కెనాల్ సాధ్యమేనట. పళ్ల డాక్టర్‌తో ఆయనే నా ముందు ఫోన్ చేసి మాట్లాడారు.

కాఫీ_ముఖ్యం
ఒళ్లు జలదరించింది. అమ్మకి ధైర్యం చెప్పండి.

ఉద్దానం_కుర్రోడు
మరి ఎముకలకి ఇక ఏ మందూ లేకుండానా?

బెజవాడ_అమ్మాయి
అదీ అడిగాను. ఆపరేషనయ్యాక టెరిపరటైడ్ గురించి ఆలోచిద్దామన్నారు. రోజూ పొట్ట మీదో తొడ మీదో 20 మైక్రోగ్రాముల ఇంజెక్షన్, రెండేళ్ల దాకా. ముందు రక్తంలో కాల్షియం, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోన్ (పీటీహెచ్), క్రియాటినిన్ చూడాలట.

పాత_ఫార్మసిస్ట్
సరైన దారే. అది కరగడం ఆపేది కాదు, కొత్త ఎముక కట్టించే రకం. పెన్ను ఫ్రిజ్‌లోనే ఉంచాలి, గడ్డకట్టే అరలో కాదు. మొదట్లో వేసుకున్నాక కళ్లు తిరగొచ్చు కాబట్టి కూర్చుని వేసుకోమనండి. రెండేళ్ల కోర్సయ్యాక దాని వెనక ఇంకో మందు ఏదో ఒకటి ఉండాలి, లేకపోతే వచ్చిన లాభం జారిపోతుంది. మీ అమ్మగారికి తొడ సమస్య ఉంది కాబట్టి ఏ మందు అన్నది ఇప్పుడే అడిగి రాయించుకోండి.

ఫిజియో_హైదరాబాద్
ఎడమకాలిని మరిచిపోవద్దు. కుడివైపు ఆపరేషనయ్యాక బరువంతా దాని మీదే పడుతుంది. ఎడమ తొడలో కొత్త నొప్పి ఏది వచ్చినా మళ్లీ ఎక్స్‌రే. అమ్మగారి రిపోర్ట్‌లో "అలెండ్రోనేట్ ఎనిమిదేళ్లు వాడారు" అని పెద్దక్షరాలతో రాసి ఫైలు మొదటి పేజీలో పెట్టండి.

కడప_కోడలు
మా అత్తమ్మకి మూడో సెలైన్ వచ్చే నెల. తేదీకి ముందే పళ్లు చూపించి, క్రియాటినిన్ చేయించి, నాలుగోది అవసరమా అని అడగబోతున్నా. తొడలో నొప్పి లేదని నిన్ననే మెట్లు ఎక్కించి మరీ కనుక్కున్నా.

డల్లాస్_బాబాయ్
@బెజవాడ_అమ్మాయి పిన్నిగారి ఇంజెక్షన్ సంగతి ఏమైంది?

బెజవాడ_అమ్మాయి
మే 28న పడాలి. వేయించుకునే ఎక్కుతోంది. తర్వాతది నవంబర్ చివర్లో. టికెట్ నవంబర్ మధ్యకి మార్పించాం.